ఆయన అలసిపోయానన్న రోజు

వసంత ఫోన్ చేసేటప్పటికి నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి వెదురు కర్రలకి తడిబట్టలు ఆరేస్తున్నాను.

"అంకుల్, పెద్దాయన..." అని ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే మా పుంగ్గోల్ పేట మీదుగా యుద్ధవిమానాలు పోతున్నాయి. ఒకదాని వెనక ఒకటి పోతుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. వేరేవాళ్లయితే గొంతు పెంచుతారు, లేకపోతే "హలో, హలో" అంటారు. వసంత ఏమీ అనలేదు. ఆ చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా ఊరుకుని, ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే అందుకుంది.

"...పోయారట అంకుల్. నిద్రలోనే. వాళ్లమ్మాయి మెయిల్ పెట్టింది."

తను ఆగిన తీరులోనే నాకు సగం తెలిసిపోయింది. అలా ఆగడం ఆయన అలవాటు. వసంతకి ఆయన దగ్గరే పట్టుబడింది.

"సరేనమ్మా" అన్నాను. ఇంకేమనాలో తోచక "భోంచేశావా?" అని కూడా అడిగాను.

"ఇంకా లేదంకుల్. తినాలనిపించట్లేదు."

నాకు చదువుకునే రోజుల నుంచీ డైరీ రాసే అలవాటుంది. ఆయనతో గడిచిన ఏళ్ల డైరీలు అలమారలో పై అరలో ఉన్నాయి. కుర్చీ వేసుకుని దించి చూశాను. ఆయన గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు. ‘వాన. బస్సు ఆలస్యం. పెద్దాయన భోజనానికి వచ్చారు. మాగాయ మళ్లీ వేయించుకున్నారు.’ అన్నీ ఇలాంటివే. నా డైరీలు ఎప్పుడూ ఇంతే, వానా బస్సూ భోజనమూను. మనిషి వాటిలో పట్టలేదు. అందుకని ఈ నాలుగు మాటలు వేరే రాస్తున్నాను.

అవి సాఫ్ట్‌వేర్ మంచి జోరు మీదున్న రోజులు. నేను విశాఖ విమానాశ్రయంలో రేడియో గదిలో చాలాకాలం పనిచేసి, ముందుగానే విరమణ తీసుకుని ఈ దేశం వచ్చాను. ప్రోగ్రాములు రాయడం నాకు రాదు. అయినా కుర్రాళ్లు రాసినదాన్ని పరీక్షించడానికి విమానాల సంగతి తెలిసినవాడు కావాలంటే, ఇక్కడి సైన్స్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో కుదిరాను. డైరెక్టరు హైదరాబాదు మనిషి. పనిచేసేవాళ్లంతా మన పిల్లలే.

మేం చేస్తున్నది ఒక విమాన సంస్థకి. ఏ పైలట్ ఎన్ని గంటలు ఎగిరాడు, మధ్యలో ఎంత విశ్రాంతి దొరికింది, మళ్లీ విమానం ఎక్కించవచ్చా కూడదా అన్నది మా సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి చెప్పాలి. సూటిగా చెప్పాలంటే ఎవరు అలసిపోయారో యంత్రం చేత చెప్పించాలి. దాన్ని తయారుచేసే పిల్లలు మాత్రం కళ్ల కింద నల్లటి చారలతో తిరిగేవాళ్లు. సగంమంది మధ్యాహ్నం భోజనం మానేసి ఆ కాసేపూ బల్లల మీద తలపెట్టుకుని పడుకునేవాళ్లు.

ఆ విమాన సంస్థ తరఫున భద్రతా సలహాదారుగా వచ్చారాయన. ఆయన సంతకం పడితేనే మా పని పూర్తయినట్టు, మాకు తరవాతి పని ఇచ్చినట్టు.

ఆయన అమెరికన్, నల్లజాతి మనిషి. వాళ్ల దేశపు వైమానిక దళంలో తన స్క్వాడ్రన్‌లో చేరిన మొదటి నల్లజాతి పైలట్. యుద్ధాల్లో ఎగిరి, పెద్ద హోదాకి ఎదిగి, ఆ తరవాత ప్రభుత్వంలో విమాన భద్రత చూసే ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశారు. ఇదంతా ఆయన రాకముందే మా డైరెక్టరు చదివి వినిపించిన కాగితంలో ఉంది. తరవాత నేను చూసిన మనిషికి ఆ కాగితంతో పెద్దగా పోలిక కనిపించలేదు. నాకు గుర్తున్నది ముఖ్యంగా ఆయన అరచెయ్యి.

విమానం ఎక్కబోయే ముందు పైలట్ దాని చుట్టూ ఒకసారి తిరిగి కళ్లతో చూసి చేత్తో తడుముతాడు. అది వాళ్ల నియమం. విమానాలు నడపడం మానేసినా ఆయన దాన్ని మానలేదు. మీటింగు గదిలోకి వస్తే బల్ల చుట్టూ ఒకసారి తిరిగాకే కూర్చునేవారు. కుర్చీ వీపు మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం ఆగేవారు. టాక్సీ వస్తే దాని చుట్టూ కూడా అదే ప్రదక్షిణం. ఒకసారి టాక్సీ నడిపే చైనీయుడు తల బయటికి పెట్టి, "వాట్ లుకింగ్, అంకుల్? నో స్క్రాచ్ లా! న్యూ కార్ లా!" అని నొచ్చుకున్నాడు.

ఆయన లోపల కూర్చుని, "సైన్స్ పార్క్. వెనక గేటు. నాకు తిరిగి చెప్పండి" అన్నారు.

"ఐ నో, ఐ నో లా."

"తిరిగి చెప్పండి."

"అయ్యో... సైన్స్ పార్క్, బ్యాక్ గేట్, కెన్!"

‘కెన్’ అంటే ఇక్కడివాళ్ల ‘సరే’. అది విన్నాక గాని ఆయన బెల్టు పెట్టుకోలేదు.

తిరిగి చెప్పించడం కూడా విమానాల పద్ధతే. రేడియోలో కింద నుంచి ఒక మాట వస్తే పైనున్నవాడు ఉత్తినే ‘సరే’ అనకూడదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తప్పుగా విని ఉంటే అక్కడే బయటపడుతుంది. నా ఉద్యోగమంతా ఆ మాటలు వింటూనే గడిచింది కనక నాకు వింతగా అనిపించలేదు. మా కుర్రాళ్లకి మాత్రం ఒళ్లు మండేది.

దానికి తగ్గట్టు మన పద్ధతి ఒకటుంది కదా. పనయిందా అని అడిగితే ‘అయింది’ అనం, ‘కాలేదు’ అనం. ‘అయిపోయినట్టే’ అంటాం. అందులో అబద్ధం ఆడుతున్నామని మనకి అనిపించదు. అడిగినవాణ్ణి బాధపెట్టకుండా, మనం ఇరుక్కోకుండా సాగదీసే మర్యాద అది. టీంలీడరు రమణ గుంటూరు కుర్రాడు, మాటకారి. ఆ మర్యాదనే ఇంగ్లీషులో పెట్టి చెప్పేవాడు. "ఆల్మోస్ట్ డన్, సార్."

పెద్దాయన కళ్లజోడు తీసి, "రమణా, చక్రాలు నేలని తాకాయా, తాకలేదా?" అని అడిగారు మొదటిసారి.

రమణ నావైపు తిరిగి తెలుగులో, "చూశారా అంకుల్? ఈయన మనల్ని దింపకుండా గాల్లోనే తిప్పేట్టున్నాడు" అన్నాడు.

అప్పటికింకా ఆయన మాకు పెద్దాయన కాలేదు. ఆఫీసులో ఆయనకి వేరే పేరుండేది. ఒకరోజు సైన్స్ పార్క్ క్యాంటీనులో నేనూ ఆయనా ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఆ బల్లని ఆయన ముందుగానే చేతిరుమాలు వేసి పట్టి ఉంచారు. ఈ ఊరి అలవాట్లలో ఆయనకి నచ్చినది అదొక్కటే. రుమాలు వేస్తే చాలు, ఆ చోటు వేసినవాడిదే అయిపోతుంది, ఎవరూ లేవమనరు. "మా ఊళ్లో నేను చిన్నప్పుడు నన్ను కూర్చోనివ్వని కుర్చీలు చాలా ఉండేవి. ఇక్కడ ఒక గుడ్డముక్క చాలు" అన్నారొకసారి.

ఆ రోజు కాఫీ తాగుతూ, "మిస్టర్ మూర్తీ, ‘నల్లదొర’ అంటే ఏమిటి?" అని అడిగారు.

కాఫీ కప్పు కింద పెట్టేశాను.

"నేను వచ్చినప్పుడల్లా ఆ మాట వినిపిస్తోంది. నా గురించేనా?"

అబద్ధం చెప్పడానికి ఆయన ముఖం వీలివ్వలేదు. చెప్పాను. నల్ల అంటే ఏమిటో చెప్పాను. దొర అంటే సార్ లాంటి మాటని, ఒకప్పుడు మమ్మల్ని ఏలిన తెల్లవాళ్లని అలా పిలిచేవాళ్లమని చెప్పాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. పెద్దగా, భుజాలు కదిలేలా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "నా మొదటి స్క్వాడ్రన్‌లో నాకు పెట్టిన పేరులో సార్ లేదు మిస్టర్ మూర్తీ. మీవాళ్లు నాకు ప్రమోషన్ ఇచ్చారు." రుమాలుతో కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకున్నాక ముఖంలో నవ్వు లేదు. "అయినా, ఆ మొదటి మాట తీసేసి రెండోది ఉంచవచ్చు కదా?" అన్నారు నెమ్మదిగా.

ఈ సంగతి పిల్లలకి చెప్పాను. "అయ్యో అంకుల్, ప్రేమగానే అన్నాం గానీ" అన్నాడు రమణ, తల గోక్కుంటూ.

వసంత కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే అంది. "మా అత్తగారు కూడా నన్ను ప్రేమగానే అంటారు. పెళ్లిలో మా ఆడపడుచు ఫొటోగ్రాఫరు దగ్గరికెళ్లి పెళ్లికూతురి మీద లైటు పెంచండని చెప్పింది. అదీ ప్రేమే. పాప పుట్టగానే చెవి అంచు తిప్పి రంగు చూశారు. అది మరీ ప్రేమ."

మర్నాటి నుంచి ఆయన పెద్దాయన అయ్యారు.

వసంత తెనాలి దగ్గరి పిల్ల. తూర్పు నుంచి పడమరకి, పడమర నుంచి తూర్పుకి విమానాలు పోయినప్పుడు గడియారాలు మారిపోతాయి కదా, ఆ మార్పుల మధ్య పైలట్‌కి నిజంగా ఎంత విశ్రాంతి దొరికిందో తేల్చే భాగం తనది. ఆయన ప్రశ్నలకి విసుక్కోకుండా తిరిగి చెప్పేది తనొక్కతే. తెలియకపోతే "తెలీదు సార్" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన, మంచి భోజనం చేసినవాడిలా, తృప్తిగా తలూపేవారు.

ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. ఆదివారాలు అప్పుడప్పుడు సెరంగూన్ రోడ్డుకి వచ్చేవారు. ఆ రోజు అక్కడ, లిటిల్ ఇండియాలో, కాలు పెట్టడానికి చోటుండదు. నౌకల దగ్గరా కట్టడాల దగ్గరా పనిచేసే మనవాళ్లు వేలకి వేలు గడ్డి మీదా మెట్ల మీదా కూర్చుని ఉంటారు. ఆ గుంపులోకి వస్తే ఆయన నడక వదులయ్యేది. ఎందుకని అడిగితే, "ఇక్కడ నన్నెవరూ రెండోసారి చూడరు. అందరూ అలసిపోయి ఉన్నారు" అన్నారు.

అక్కణ్ణుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాళ్లం. అప్పటికి పుంగ్గోల్‌కి రైలు లేదు. చుట్టూ ఎర్రమట్టి, క్రేన్లు. ఆయన గుమ్మంలో ఆగి తలుపు చట్రం మీద అరచెయ్యి ఆనించేవారు.

మా ఆవిడ నాతో తెలుగులో, "ఇల్లు కూలుతుందనా ఏమిటండీ ఆయన అలా తడిమి చూస్తారు?" అని నవ్వేది. కంచంలో పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టి, ఆయన తింటుంటే చూస్తూ, "కారమండీ, చెప్పండి ఆయనకి" అనేది. ఆయన మళ్లీ వెయ్యమని కంచం చూపించేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మాట్లాడుతూ ఉండగా విమానాలు వచ్చాయి. మామూలుగానే ఆయన ఆగిపోయారు. పైకి చూడలేదు. ఎప్పుడూ చూసేవారు కాదు. కంచంలోకి చూస్తూ, చప్పుడు పోయేదాకా ఉండి, ఆపిన మాట దగ్గర అందుకున్నారు. చెబుతున్నది తను మొదట ఉద్యోగంలో చేరిన రోజు గురించి.

కాగితాలు పట్టుకుని వైమానిక స్థావరం గేటు దగ్గరికి వెళితే కాపలావాడు ఈయన రంగు చూసి, వంటవాళ్ల గేటు అటువైపని చెయ్యి చూపించాడు. ఈయన వాదించలేదు. అటు వెళ్లి, వంటశాలలోంచి నడిచి, అటునుంచి కమాండరు గది చేరి సెల్యూట్ చేశారు. "వంటశాలకి వెళ్లమన్నారు, వెళ్లాను. తరవాత ఎక్కడికి, సార్?"

మా ఆవిడకి తెలుగులో చెబితే పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. తరవాత అన్నారు.

"నవ్వుకోవడానికి అది బాగుంటుంది. నేను అలసిపోయింది దానివల్ల కాదు. వేరే పైలట్ దిగేటప్పుడు చక్రం వంచితే, అతను చక్రం వంచినట్టు. నేను వంచితే మావాళ్లందరూ వంచినట్టు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అంత బరువు. మొదటివాడవడం ఉద్యోగం కాదు మిస్టర్ మూర్తీ. జీతం ఉండదు, సెలవూ ఉండదు."

ఆ రోజే ఇంకొకటి చెప్పారు. కొత్తగా పెళ్లయి, భార్యని వెంటబెట్టుకుని ఇంకో స్థావరానికి మారారట. ఆ ఊళ్లో ఏ హోటలూ వాళ్లకి గది ఇవ్వలేదు. ఇద్దరూ కారులో ముడుచుకుని కూర్చుని తెల్లవార్చారు. పొద్దున్నే ఎగరాలి. పైలట్‌కి ఒక హక్కుంది. ‘ఇవాళ నేను తగినట్టుగా లేను’ అని చెప్పవచ్చు. ఆ మాట చాలు, ఎక్కించరు.

"చెప్పారా?" అన్నాను.

"చెబితే ఏమంటారు? వీళ్ల జాతికి ఇది చాతకాదని మేం ముందే అన్నాం కదా, అంటారు. ఎగిరాను. దిగేటప్పుడు నా కళ్లు ఒక్క రెప్పపాటు మూతపడ్డాయి. విమానం నేలకి కొట్టుకుని మళ్లీ లేచింది. ఎలాగో నిలబెట్టాను. గాలి ఎక్కువగా ఉందని అందరూ అనుకున్నారు." చెయ్యి కడుక్కోవడానికి లేచారు. "తరవాత ప్రభుత్వంలోకి వెళ్లాక ఆ నియమానికి ఒక వాక్యం చేర్పించాను. తగినట్టుగా లేనని చెప్పినవాణ్ణి కారణం అడగకూడదు. అంతే వాక్యం. అది వేయించడానికి చాలా ఏళ్లు పట్టింది. ఎంతోమంది వాడుకున్నారు."

"మీరు?"

"నేనా? ఒక్కసారీ లేదు."

సంతకం పెట్టే రోజు శుక్రవారం. అప్పటికి జోరు తగ్గిపోయింది. పక్క బ్లాకులో ఒక్కొక్క కంపెనీ బోర్డు ఊడదీస్తున్నారు. వసంత భర్త పనిచేసే కంపెనీ మూతపడి అతను ఇంట్లోనే ఉంటున్నాడు. వసంత ఉద్యోగపు పాసు మీదే ముగ్గురూ ఈ దేశంలో ఉన్నారు. ఆ పాసు గడువు ఆ నెలాఖరుకే. కంపెనీ పొడిగించమని రాస్తేనే పొడిగింపు.

ఆ పొద్దున పెద్దాయన ఎప్పటిలాగే మా హాలంతా ఒక చుట్టు తిరిగారు. నేను వెనక నడుస్తున్నాను. వసంత కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. తెర మీద ఒకే అక్షరం వరస వరసలుగా పడుతూ పోతోంది. ఆయన ఆగి చూశారు. కుర్చీ మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకుని, చప్పుడు కాకుండా పక్కకి వెళ్లిపోయారు.

మీటింగుకి ముందు డైరెక్టరు వసంతని నా ఎదుటే పిలిచాడు. "గడియారాల టెస్టింగ్ ఎందాకా వచ్చిందమ్మా?"

"తూర్పు నుంచి వెనక్కొచ్చే ట్రిప్పులు ఇంకా చూడలేదు సార్. అయిపోయినట్టే గానీ..."

"అయిపోయినట్టేగా? మరింకేం. రమణ షీట్‌లో అయిందని గ్రీన్ పెట్టేశాడు. చూడమ్మా, ఇవాళ సంతకం పడకపోతే తరవాతి ప్రాజెక్టు లేదు. అది లేకపోతే పాసుల సంగతి నా చేతుల్లో ఉండదు. నేను బెదిరించడం లేదు, ఉన్నమాట చెప్తున్నా."

నిజంగానే అతను బెదిరించలేదు. అతని ముఖం కూడా నిద్రలేక ఉబ్బి ఉంది.

గదిలో విమాన సంస్థ తరఫున ఇద్దరు కూర్చున్నారు. గోడ మీద తెరలో వరసలన్నీ పచ్చగా ఉన్నాయి. పెద్దాయన బల్ల చుట్టూ తిరిగి కూర్చుని పెన్ను మూత తీశారు. కాగితం ముందుకి జరిపాడు డైరెక్టరు.

"ఒక్క నిమిషం" అన్నారు పెద్దాయన. "వసంతా, గడియారాల భాగంలో ఏం పరీక్షించారో నాకు తిరిగి చెప్పండి."

వసంత లేచి నిలబడింది. కూర్చునే చెప్పవచ్చు, అయినా లేచింది. నోరు తెరిచి డైరెక్టరు వైపు చూసింది.

"అయిపోయినట్టే కదమ్మా, చెప్పెయ్" అన్నాడతను తెలుగులో, ముఖాన చిరునవ్వు చెదరనివ్వకుండా.

"సార్..." అంది వసంత. అయిందంటే అబద్ధం. కాలేదంటే, ఇంటి దగ్గర పాపా మొగుడూ. ఆ పిల్ల వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి.

అప్పుడు పెద్దాయన పెన్ను మూత పెట్టేశారు. ఆ చిన్న చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"ఇవాళ సంతకానికి నేను తగినట్టుగా లేను" అన్నారు. "అలసిపోయాను."

విమాన సంస్థ మనిషి ముందుకి వంగి, "ఒంట్లో బాగాలేదా సార్?" అన్నాడు.

"కారణం అడగకూడదు. నియమం అది."

"మరి ఎప్పటికి..."

"సోమవారం" అని లేచి నిలబడ్డారు. "అందరూ ఇంటికి వెళ్లి ఒక పూట నిద్రపోయి వచ్చి పని చూసుకుంటే మంచిది. సోమవారం నాకు తిరిగి చెప్పాలి కదా."

పని కాలేదని ఆయన అనలేదు. అని ఉంటే వేళ్లన్నీ వసంతనే చూపించేవి. ఆ ఆలస్యం ఇప్పుడు ఆయన ఒంటి మీదికి వచ్చింది. విమాన సంస్థ వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్న చూపు నాకు ఇంకా గుర్తుంది. ముసలివాడయిపోయాడు అనుకునే చూపు.

శుక్రవారం మధ్యాహ్నం వసంత ఇంటికి వెళ్లి పడుకుంది. శనివారం వచ్చింది. రమణ కూడా ఎవరూ చెప్పకుండానే వచ్చాడు. నేను పాత ప్రయాణాల వివరాలు చదువుతుంటే వాళ్లిద్దరూ ఒక్కొక్కటీ ఎక్కించి చూశారు. మధ్యాహ్నానికి దొరికింది. తూర్పుకి పోయి తేదీ మారే గీత దాటి తిరిగొచ్చిన పైలట్‌కి మా సాఫ్ట్‌వేర్ ఒక పూర్తి రోజు విశ్రాంతి కట్టబెడుతోంది. ఆ రోజు లోకంలో ఎక్కడా లేదు. మనిషి ఒక్క కునుకు కూడా తియ్యకుండానే తెర మీద విశ్రాంతి తీసుకున్నవాడై, మళ్లీ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

రమణ తెర మీద ఆ వరస దగ్గర వేలు పెట్టాడు. "నేను దీనికే కదా అంకుల్ గ్రీన్ పెట్టింది" అన్నాడు. ఆ తరవాత వాడి నోట ‘ఆల్మోస్ట్’ నేను వినలేదు.

సోమవారం వసంత తిరిగి చెప్పింది. దొరికిన తప్పుతో సహా, సరిచేసిన తీరుతో సహా, గొంతు వణక్కుండా చెప్పింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా విని సంతకం చేశారు. తరవాతి పని వచ్చింది. పాసులు పొడిగించారు. డైరెక్టరు అందరికీ బిరియానీ తెప్పించాడు.

పెద్దాయన ఒప్పందాన్ని మాత్రం విమాన సంస్థ పొడిగించలేదు. కారణం రాయలేదట. రాయక్కరలేదు కూడా.

"పెద్దవారు కదా మూర్తిగారూ, ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు డైరెక్టరు నాతో. మంచిగానే అన్నాడు. కుర్రతనంలో ఏ మాట పడాల్సివస్తుందని నిద్రలేని కళ్లతో విమానం ఎక్కారో, ఆ మాట ఆయన మీద చివరికి పడనే పడింది. మర్యాదగా పడింది, అంతే తేడా.

వెళ్లిపోయే ముందు ఆదివారం మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ మాగాయ సీసా కట్టి ఇచ్చింది. దాన్ని కూడా తిప్పి చూసి, మూత మీద అరచెయ్యి ఆనించి సంచిలో పెట్టుకున్నారు. బస్టాపు దాకా నేను వెంట వెళ్లాను. వాన వెలిసి ఎర్రమట్టి కాళ్లకి అంటుకుంటోంది. చాలా నెమ్మదిగా నడిచారు.

చాలా రోజుల నుంచి అడగాలనుకుంటున్నది అడిగాను. "ఆ శుక్రవారం మీరు నిజంగా అలసిపోయారా? లేక ఆ పిల్ల కోసం..."

ఆయన జవాబు చెప్పడం మొదలుపెట్టారు. "నిజమే మిస్టర్ మూర్తీ. అది చాలా..."

విమానాలు వచ్చాయి. ఇద్దరం ఆగాం. ఆయన తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డారు. చప్పుడు సముద్రం వైపు పోయి పలచబడి పూర్తిగా పోయింది.

"...ఏళ్ల నుంచి నిజం. చెప్పింది మాత్రం ఆ రోజు."

బస్సు వచ్చింది. బస్సు చుట్టూ తిరగడానికి వీలులేదు కనక తలుపు పక్కన ఒకసారి అరచెయ్యి ఆనించి ఎక్కారు.

తరవాత ఏటా ఒక కార్డు వచ్చేది. వసంతకీ వచ్చేదట. వసంత ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది, తన కింద చాలామంది పనిచేస్తారు. ఇందాక ఫోన్లో అడిగాను, ఇవాళ ఆఫీసుకి వెళ్లావా అని.

"లేదంకుల్. తగినట్టుగా లేనని చెప్పాను."

"ఎందుకని అడిగారా?"

"నా టీంలో ఎవరూ ఎవర్నీ అడగరంకుల్."

ఇందాకటిదాకా డైరీ రాయలేదు. వాన పడలేదు, బస్సు ఎక్కలేదు. మా ఆవిడ ఉందనుకుని ఇందాక రెండు కంచాలు తీశాను. ఆవిడ పోయాక కూడా అప్పుడప్పుడు అలా జరుగుతుంది. ఒక కంచం మళ్లీ లోపల పెట్టేశాను.

ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయని వాక్యం ఇవాళ్టి పేజీలో రాశాను. ‘అలసిపోయాను.’

కారణం రాయలేదు.